దూడల్ని పేరుపెట్టి పిలిచే గొంతు

మా పెయిరాడ్‌కి వచ్చే పట్నం వాళ్ళందరూ కారు దిగగానే ఒకే మాట అంటారు, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అని. ఇరవై ఇళ్ళున్న ఊళ్ళో పదకొండు ఇళ్ళకి తాళాలు పడితే ప్రశాంతంగా ఉండక ఏమవుతుంది? ఆ తరవాత గుండెలనిండా గాలి పీలుస్తారు, రాతిగోడలు తడుముతారు, కొండమీది పచ్చిక ఫోటోలు తీస్తారు, ఎర్రావు ఒకటి తలెత్తి చూస్తే మురిసిపోతారు. వాళ్ళని తప్పుపట్టడానికేం లేదు. ఫ్రాన్సు నడిమధ్యనున్న మా కంతాల్ కొండలు నిజంగానే బాగుంటాయి. కాకపోతే ఆ అందం వెనకాల పొద్దున్నే అయిదింటికి లేచి పేడ ఎత్తేవాళ్ళు ఎవరో ఒకరుండాలి. మా ఊళ్ళో ఆ ఒకరు ఆర్లెట్ దెల్మా.

ఆర్లెట్‌కి యాభై తొమ్మిదేళ్ళు. పన్నెండో ఏట వాళ్ళమ్మ చేతివేళ్ళు కీళ్ళవాతంతో కొంకర్లు పోతే, ఒంటికాలి పీట నడుముకి కట్టుకుని ఆవుకింద కూర్చుంది. అప్పట్నుంచి రెండు పూటలా కూర్చుంటూనే ఉంది. జ్వరం వచ్చినా కూర్చుంది, వాళ్ళ నాన్న పోయిన రోజున కూడా కూర్చుంది. ఇంట్లో ఆమె కాక ఇంకొకరే, అన్న మార్సియాల్. ఆమెకంటే ఏడేళ్ళు పెద్ద. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. మా వైపు అదేం వింత కాదు. కొండమీది ఇళ్ళల్లో అన్నాతమ్ముళ్ళు, అన్నాచెల్లెళ్ళు అలా ముసలివాళ్ళయిపోయిన కొంపలు వేళ్ళమీద లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి.

మా ఎర్రావులు మహా గడుసువి. దూడ పక్కన లేకపోతే చుక్క పాలు చేపవు. మిషను తగిలిస్తే బుద్ధిగా ఇచ్చేసే నల్లమచ్చల ఆవులు కింద మైదానంలో ఉంటాయిలెండి, వాటిని మావాళ్ళు ఆవుల్లో జమకట్టరు. మా దగ్గర పాలు పితకాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఆవుకింద కూర్చోవాలి. రెండోవాళ్ళు దూడల దొడ్డి తలుపు దగ్గర నిలబడి పిలవాలి. దూడకి తల్లి పేరే పేరు. "మర్కేజా!" అని కేకేస్తే ఇరవై దూడల్ని తోసుకుంటూ మర్కేజా దూడ ఒక్కటే బయటికి వస్తుంది. నాలుగు చన్నులూ తలా కాస్త కుడుస్తుంది, తల్లి చేపుతుంది. అప్పుడు దాన్ని లాగి తల్లి ముందుకాలికి కట్టేసి, వీపుమీద గుప్పెడు ఉప్పు చల్లుతారు. తల్లి ఆ ఉప్పు నాకుతూ పరధ్యానంలో ఉంటే మనం మన వాటా తీసుకుంటాం. కాసిన్ని వదిలేస్తాం, అవి దూడవి.

పితికేది ఆర్లెట్, పిలిచేది మార్సియాల్. నలభై ఏడేళ్ళు అలాగే నడిచింది.

మార్సియాల్ గొంతు విని తీరవలసిందే. మామూలుగా ఆయన మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేవాడు. భోజనాల దగ్గర రొట్టె కావాలంటే కత్తి మొనతో బల్లమీద రెండుసార్లు కొట్టేవాడు, ఆర్లెట్ జరిపేది. సూపు బాగుంటే గిన్నె అడుగు గీకేవాడు, అదే మెచ్చుకోలు. కానీ దొడ్డి తలుపు దగ్గర నిలబడ్డాడా, మనిషే మారిపోయేవాడు. "రుసెట్టా... మా తల్లే... రుసెట్టా!" అని మా పాత యాసలో సాగదీసి పిలిస్తే, చర్చి దగ్గర నడుస్తున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగేవాళ్ళు. నీకు మనుషుల భాష రాదుగానీ దూడల భాష బ్రహ్మాండంగా వచ్చునని మా ఫాదరు ఆయన్ని ఏడిపించేవాడు.

ఆర్లెట్‌కి ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక సంబంధం వచ్చింది. పాల లారీ నడిపే రొజే. రెండు వేసవులపాటు సాయంత్రం ట్రిప్పుకి అవసరమైనదానికంటే ఎక్కువసేపు మా ఊళ్ళో ఆగేవాడు. చివరికి అడిగాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆర్లెట్ అన్నకి చెప్పింది. మార్సియాల్ సూపు తాగాడు, కత్తి రొట్టెముక్కతో తుడిచి మడిచాడు, "నీ ఇష్టం" అన్నాడు. అంతే. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. మర్నాడు పొద్దున్న దూడల్ని ఎప్పటికంటే కొంచెం గట్టిగా పిలిచాడని ఆర్లెట్‌కి అనిపించింది. రొజే ఆ మరుసటేడు బేకరీ వాళ్ళ పిల్లని చేసుకున్నాడు. తను తప్పు చేసిందా అని ఆర్లెట్ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించడానికి తీరిక కావాలి కదా.

ఫిబ్రవరిలో మార్సియాల్ పోయాడు. పొద్దున్న పాల వేళ. ఆర్లెట్ మర్కేజా కింద కూర్చుని, డొక్కకి నుదురు ఆనించి, పిలుపుకోసం ఎదురుచూస్తోంది. పిలుపు రాలేదు. ఇంకా పిలవడేమిటా అనుకుంది. ఆవులు కాళ్ళు మారుస్తున్నాయి. చాలాసేపు కూర్చుంది. ఆఖరికి లేచి వెళ్ళి చూస్తే దూడల దొడ్డి తలుపుకి ఆనుకుని చతికిలబడి ఉన్నాడు, చేతిలో పలుపు ఉంది. గుండె ఆగిపోయింది.

ఆర్లెట్ చేసిన మొదటి పని ఏమిటంటే, అన్నని కొంచెం పక్కకి జరిపి, తలుపు తీసి దూడలన్నిటినీ వదిలింది. పొదుగులు నిండిపోయి ఉన్నాయి, ఆవులు బాధపడుతున్నాయి. దూడలు కుడిచేదాకా నిలబడి, మళ్ళీ లోపలికి తోలి, పేడ ఎత్తి, అప్పుడు డాక్టరుకి ఫోను చేసింది. ఆయన అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ మాట ఆ రోజు సాయంత్రానికే ఊరు దాటిపోయింది.

"రాయి. అది మనిషి కాదు, మా ఇంటిముందున్న నాపరాయి" అన్నారు ఆడవాళ్ళు.

అంత్యక్రియల్లో ఆమె ఏడవలేదు. శవపేటిక దింపుతుంటే తాడు సరిగ్గా పట్టుకున్నారా లేదా అని చూసింది. వచ్చినవాళ్ళకి సాసేజీలు కోసి పెట్టింది, వైను పోసింది, గ్లాసులు కడిగింది. నిజం చెప్పాలంటే ఆమెకి ఏమీ అనిపించలేదు. దుఃఖాన్ని దిగమింగుకోవడం అంటారే, అదీ కాదు. మింగడానికి ఏమైనా ఉండాలి కదా. తిన్నదానికి రుచి లేదు, పడుకుంటే కలలు లేవు. ఒకరోజు పొయ్యిమీది ఇనపరేకుకి మణికట్టు ఆనిపోతే, పక్కింటి జినెట్ వాసన పట్టి కేకేసేదాకా ఆర్లెట్‌కి తెలియలేదు.

"ఒసే పిచ్చిదానా, చెయ్యి కాలిపోతోందే!" అని జినెట్ చెయ్యి లాగి చల్లనీళ్ళలో ముంచింది. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు. "నొప్పి తెలీట్లేదా?"

"తెలుస్తోందిలే."

"ఏం తెలుస్తోంది నీ మొహం. ఒకసారి గట్టిగా ఏడవవే. ఎవరికోసమో కాదు, నీకోసం."

"ఏడుపు రావట్లేదు జినెట్. రాందాన్ని ఎక్కణ్ణించి తెమ్మంటావు?"

ఆర్లెట్‌కి ఏడుపు రాకపోవడం ఒక సంగతి. పిలిచే గొంతు లేక ఆవులకి పాలు రాకపోవడం ఇంకో సంగతి, దానికి గడువు ఉంది. మే ఇరవై అయిదున మందలన్నీ కొండ మీదికి ఎక్కుతాయి, అక్టోబరుదాకా అక్కడే మేత, అక్కడే పాలు, అక్కడే చీజు. ఈ ఏడు దెల్మా మంద ఎక్కుతుందో లేదో మే మధ్యకల్లా మేయరుకి చెప్పాలి, లేదంటే ఆ మేతబీడు ఇంకొకళ్ళకి పోతుంది. పశువుల బేరగాడు మల్వెజాఁ అప్పుడే రెండుసార్లు లారీ వేసుకొచ్చి ఇరవై రెండు ఆవుల్నీ చూసుకుని వెళ్ళాడు. పిలిచే మనిషి లేకుండా పాడి లేదు. పాడి లేకపోతే మంద లేదు. మంద లేకపోతే ఆర్లెట్ పొద్దున్నే అయిదింటికి ఎందుకు లేవాలో ఎవరికీ తెలియదు, ఆమెకీ తెలియదు.

"నీకేం కావాలో అది చెప్పవే. ఆవులు కావాలా, వద్దా?" అని జినెట్ అడిగింది.

ఆర్లెట్ ఆలోచించింది. ఏం కావాలో వెతికితే లోపల ఖాళీ కొట్టుగదిలా ఉంది. "తెలీదు" అంది.

మార్చిలో నోర్బేర్ వచ్చాడు. వాళ్ళ చిన్నాన్న కొడుకు. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు, పెళ్ళాం విడాకులిచ్చింది, కాలక్షేపం లేక చస్తున్నాడు. "పిలవడమేగా అక్కా, నేను పిలుస్తా. ముప్ఫై ఏళ్ళు స్టాపుల పేర్లు అరిచిన గొంతు ఇది" అన్నాడు.

నిజంగానే అలాగే అరిచాడు. "మర్కేజా! మర్కేజా వాళ్ళు దిగాలి! తరవాత రుసెట్టా!" మూడు దూడలు ఒకేసారి బయటపడ్డాయి. ఒకటి తనది కాని తల్లి దగ్గరికి పోయి తన్ను తింది. ఇంకొకటి గడ్డివాములోకి దూరింది. నోర్బేర్ పేడలో జారి వెల్లకిలా పడ్డాడు. గోడవతల జినెట్ పడీపడీ నవ్వింది. ఆర్లెట్ లేచి దూడల్ని మళ్ళీ లోపల పెట్టింది, పీట సర్దుకుని కూర్చుంది.

దూడలదేముంది, పదిరోజుల్లో పేర్లు నేర్చేసుకున్నాయి. అసలు పేచీ తల్లులది. ఏళ్ళ తరబడి మార్సియాల్ గొంతు వినగానే చేపడం వాటికి అలవాటు. ఈ కొత్త మనిషిని చూసి బిగుసుకుపోయాయి. దూడ కుడుస్తున్నా సరే, పాలు పైకి ఎగబట్టేశాయి. నలభై లీటర్లు రావలసిన పూట పన్నెండు వచ్చేవి. ఆర్లెట్ గంటలకొద్దీ పొదుగు నిమిరింది. లాభం లేకపోయింది. ఒకరోజు మర్కేజా తొట్టిని తన్ని బోర్లించింది, పద్నాలుగేళ్ళ ముసలి ఆవు, పుట్టిబుద్ధెరిగి ఒక్కసారి తన్నింది కాదు.

"నేనంటే పడదు వీటికి" అన్నాడు నోర్బేర్ దిగాలుగా. "మా ఆవిడకీ ఇంతే."

ఏప్రిల్ మొదట్లో పుమేలా అనే ఆవు దూడ చచ్చిపోయింది, విరేచనాలు పట్టుకుని. ఆర్లెట్ దాన్ని షెడ్డు వెనక్కి ఈడ్చుకెళ్ళి కత్తితో చర్మం ఒలిచింది. నోర్బేర్ చూడలేక మొహం తిప్పుకున్నాడు. ఫ్రిజాద అనే ఇంకో ఆవుకి కవలలు పుట్టి ఉన్నాయి. ఆ కవలల్లో బలహీనమైనదానికి ఈ తోలు కప్పి, పొట్టకిందనుంచి తాళ్ళు కట్టింది.

"ఇదేం మాయరోగం అక్కా!"

"మాయ లేదు, ఏం లేదు. తల్లి వాసన చూస్తుంది. తన బిడ్డ వాసనే కదా వచ్చేది."

పుమేలా వాసన చూసింది. తోక దగ్గర ఒకసారి, మెడ దగ్గర ఒకసారి. దూడ వణుకుతూ పొదుగు కిందికి దూరింది. కాసేపటికి ఆవు నాకడం మొదలుపెట్టింది, పాలు జలజలా చేపింది. చచ్చినదాన్ని నాకుతోందో బతికినదాన్ని నాకుతోందో ఆ ఆవుకే తెలియాలి.

ఆర్లెట్ చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళింది. మళ్ళీ బయటికి వచ్చేసరికి ఆమె చేతిలో మార్సియాల్ అంగీ ఉంది. మోకాళ్ళదాకా వచ్చే పొడుగు నల్లంగీ, మా వైపు రైతులు సంతకి వేసుకునేలాంటిది. ఆయన అది వేసుకునే దొడ్డిలో పనిచేసేవాడు. పాలు, పేడ, చుట్టపొగాకు, చెమట అన్నీ ఇంకి ఇంకి అట్టకట్టుకుపోయి, నిలబెడితే దానంతటదే నిలబడేలా ఉంది. అది నోర్బేర్ మీదికి విసిరింది.

"వేసుకో."

"అక్కా..."

"వేసుకోరా. వేసుకుని వాడిలా పిలువు. నీకు తెలుసు వాడెలా పిలిచేవాడో."

నోర్బేర్‌కి తెలుసు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఈ దొడ్లోనే గడిపాడు. అంగీ తొడుక్కుని, గొంతు సవరించుకుని, "మర్కేజా... మా తల్లే..." అని మొదలుపెట్టాడు. మొదట నవ్వులాటకి చేసినట్టే ఉంది. రెండోసారి పిలిచేసరికి ఎక్కడో వాళ్ళ తాత గొంతు, దెల్మాల గొంతు, ఆ బస్సు డ్రైవరు గొంతులోంచి బయటపడింది. మర్కేజా తల తిప్పింది. దూడ వచ్చింది. పాలు దిగాయి.

గోడవతల ఉన్న జినెట్ ఈసారి నవ్వలేదు. ఏప్రాను మొహానికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. సాయంత్రం వచ్చి తిట్టింది కూడా. "చచ్చినవాడి తోలు బతికినవాడికి కడతావా? నీకు మనసనేది ఉందా?"

"పాలు వచ్చాయిగా" అంది ఆర్లెట్.

అది నిజమే, పాలు వచ్చాయి. ముప్ఫై లీటర్లు, ముప్ఫై అయిదు, నలభై. ఆర్లెట్ జినెట్‌కి చెప్పనిది ఒకటుంది. పాలు పితికేటప్పుడు ఆమె నుదురు ఆవు డొక్కకి ఆని ఉంటుంది, కళ్ళు మూసుకుని ఉంటాయి. మనిషి కనిపించడు. వెనకనించి గొంతు వస్తుంది. పలుపు కట్టడానికి ఆ అంగీ పక్కకి వంగినప్పుడు పొగాకు వాసన, పాత పాల వాసన వస్తాయి. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట మార్సియాల్ చనిపోలేదు. మిగిలిన ఇరవై రెండు గంటలూ ఆమెకి ఏమీ అనిపించేది కాదు. ఈ రెండు గంటల్లో సంతోషమని కాదుగానీ, చేతులు వాటి పని అవి చేసుకునేవి, లోపల కాస్త వెచ్చగా ఉండేది.

కప్పిన తోలు ఎల్లకాలం ఉంచరు. వారం పదిరోజులు పాలు తాగాక దూడకి ఆ తల్లి వాసనే పడుతుంది. అప్పుడు తాళ్ళు కోసి, కుళ్ళిపోతున్న తోలు తీసి పాతిపెడతారు. ఆర్లెట్ తొమ్మిదో రోజున పుమేలా దూడకి తోలు తీసేసింది. ఆవు చూసీ చూడనట్టు ఊరుకుంది.

"మరి నాది ఎప్పుడు తీస్తావక్కా?" అన్నాడు నోర్బేర్ అంగీ పట్టుకుని ఊపుతూ. "ఎండలొస్తున్నాయి. దీని కంపుకి ఈగలు కూడా దూరంగా పోతున్నాయి. ఒక్కసారి ఉతకనీ."

"ఉతికావంటే చంపేస్తా. ఆవులు ఇంకా మరిగలేదు."

"మరిగాయనే నా అనుమానం."

"నీకేం తెలుసు? పన్నెండు లీటర్ల రోజులు మర్చిపోయావా?"

నోర్బేర్ అంగీ విప్పాడు. అక్క అంత పొడుగు మాట మాట్లాడి చాలాకాలమైంది. అంగీని దొడ్లో మేకుకి తగిలించాడు. మేయరుకి మాత్రం ఆర్లెట్ ఇంకా ఏమీ చెప్పలేదు. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అంటూ దాటవేస్తోంది.

మే రెండో వారంలో కొరిన్ వచ్చింది. ఆర్లెట్ ఇంటి మేడమీద రెండు గదులు అద్దెకిస్తారు, మార్సియాల్ ఉన్నప్పటినుంచీ. కొరిన్ లియోఁ నగరంలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది, నలభై అయిదేళ్ళుంటాయి. మనిషి మంచిది, ఆ మాట ముందే చెబుతున్నాను. పొద్దున్నే కిటికీ తీసి, "మదామ్ దెల్మా, మీరెంత అదృష్టవంతులో మీకు తెలీదు!" అనేది. ఆవుమెడ గంటల చప్పుడు ఫోనులో రికార్డు చేసుకుంది. ఆర్లెట్ బంగాళాదుంపలు, పచ్చి చీజు కలిపి పెనంమీద వేయించి పెడితే రెండుసార్లు వడ్డించుకుంది. నోర్బేర్ పిలుపు విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇలాంటి మనుషులు ఇంకా ఉన్నారా!" అంది. నోర్బేర్ ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు, తను మొన్నటిదాకా ఆరో నంబరు బస్సు తోలినట్టు చెప్పనేలేదు.

ఆర్లెట్ ఆమెకి రోజూ రెండు కోడిగుడ్లు ఇచ్చేది. బిల్లులో వెయ్యలేదు. గుడ్లు మిగిలిపోతున్నాయి కాబట్టి ఇచ్చింది. కొరిన్ మాత్రం దాన్ని ప్రేమనుకుంది. ఏదైనా బదులు చెయ్యాలని మనసులో పెట్టుకుంది.

బుధవారంనాడు ఆర్లెట్, నోర్బేర్ ఇద్దరూ కొండమీది కంచె చూడ్డానికి వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక తిరిగొస్తుంటే, పెరట్లో తీగమీద నల్లగా ఏదో ఎగురుతోంది. ఆర్లెట్ నడక ఆపలేదు. దగ్గరికి వచ్చాక ఆగింది. అంగీ. మెత్తబడి, గాలికి ఒంపులు తిరుగుతోంది. నిజానికి నల్లంగీ కాదట అది, ముదురు నీలం. మెడపట్టీ చుట్టూ తెల్లదారంతో కుట్టిన చిన్న కుట్టుపని ఉంది. వాళ్ళమ్మ కుట్టినది. దాన్ని చూసి ముప్ఫై ఏళ్ళయింది.

"మదామ్!" కొరిన్ ఎర్రబడిన చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "నాలుగు నీళ్ళు మార్చానండీ, మొదటిది సిరాలా వచ్చింది. లావెండర్ సబ్బు పెట్టాను. చూడండి, ఈ కుట్టు ఎంత బాగుందో! మీరు నాకు ఇంత చేశారు, నేనేమీ చెయ్యలేదని..."

నోర్బేర్ అక్క మొహం చూశాడు. చంపేస్తానన్న మాట అతని చెవుల్లో ఉంది.

ఆర్లెట్ అంగీ అంచు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వదిలేసింది.

"శ్రమ తీసుకున్నారు. థాంక్సండీ" అంది. "రాత్రికి క్యాబేజీ సూపు. తింటారుగా?"

"అయ్యో, తినకపోవడమా!" అంది కొరిన్.

సాయంత్రం అయిదింటికి నోర్బేర్ దొడ్లోకి వచ్చాడు, ఆరీఆరని అంగీ తొడుక్కుని. "అక్కా, ఆ కొరిన్‌ని తప్పుపట్టకు. ఆవిడకేం తెలుసు? కానీ ఇవాళ మళ్ళీ తన్నులే. ఏం చేద్దాం?"

"పిలువు" అంది ఆర్లెట్. ఒంటికాలి పీట కట్టుకుని మర్కేజా కింద కూర్చుంది.

నోర్బేర్‌కి భయం పట్టుకుంది. మార్సియాల్ గొంతు ఎంత తెచ్చుకుందామన్నా రాలేదు. తన సొంత గొంతే, బస్సు గొంతే వచ్చింది. "మర్కేజా!" అన్నాడు, అంతే. దూడ వచ్చింది. కుడిచింది. మర్కేజా దాని వీపుమీది ఉప్పు నాకుతూ ఏమీ జరగనట్టు చేపింది. తొట్టి నిండింది.

రుసెట్టా చేపింది. పుమేలా చేపింది. అయిదో ఆవుకి నోర్బేర్ ధైర్యం చేసి, తడి అంగీ చిరాకుగా ఉందని విప్పి మేకుకి పడేసి, బనీనుమీదే నిలబడి పిలిచాడు. అదీ చేపింది. ఆరోది, ఏడోది కూడా. పదో ఆవు దగ్గరికొచ్చేసరికి అతను గంతులేస్తున్నాడు.

"అక్కా! చూశావా? అంగీ లేదు, వాసన లేదు, నేనే! నన్నే మరిగాయి! ఎన్నాళ్ళ కిందటే మరిగి ఉంటాయి, మనమే చూసుకోలేదు. ఆ కంపు ఊరికే మోశాను! ఇంక మేయరుకి చెప్పెయ్. కొండెక్కుతున్నాం!"

ఆవుకిందనుంచి పాలధార చప్పుడు రావట్లేదు. నలభై ఏడేళ్ళలో మొదటిసారి ఆర్లెట్ చేతులు పితుకుతూ పితుకుతూ మధ్యలో ఆగిపోయాయి. ఆవులకి ఆ వాసన అక్కర్లేక ఎన్నో రోజులై ఉంటుంది. అక్కరున్నది ఈ దొడ్డిలో ఆమె ఒక్కదానికే.

"నోర్బేర్."

"ఏంటక్కా?"

"నన్నోసారి పిలువు."

"పిలవడమేంటి, ఇక్కడే ఉన్నావుగా?"

"మార్సియాల్ పిలిచినట్టు పిలువు. ఒక్కసారి. ఇంకెప్పుడూ అడగను."

నోర్బేర్‌కి ఇదెందుకో అర్థం కాలేదు. అయినా దొడ్డి తలుపు దగ్గర సరిగ్గా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఆ గొంతు తెచ్చుకోగలననే అనిపించింది. "సరే. నిన్నేమని పిలిచేవాడు?"

ఆర్లెట్ చెప్పడానికి నోరు తెరిచింది.

మాట రాలేదు. మర్చిపోయాననుకుని వెతుక్కుంది. భోజనాల బల్ల దగ్గర వెతికింది, అక్కడ కత్తి మొన చప్పుడు ఉంది. గడ్డి కోసే పొలంలో వెతికింది, అక్కడ చెయ్యి ఊపేవాడు. అమ్మ పోయిన గదిలో, చర్చి మెట్లమీద, తనకి పెద్ద జ్వరం వచ్చిన చలికాలంలో వెతికింది. ఆ గొంతుతో మర్కేజా అన్న పిలుపు వినిపిస్తోంది, ఆ మర్కేజా అమ్మమ్మని పిలిచిన పిలుపూ వినిపిస్తోంది. నలభై ఏడేళ్ళలో పుట్టిన ప్రతి దూడ పేరూ ఉంది. ఆర్లెట్ అన్న పేరు లేదు. చిట్టీ అనీ లేదు, చెల్లీ అనీ లేదు, ఒసేయ్ అని కూడా లేదు.

"పిలవలేదురా" అంది.

"ఒక్కసారీ?"

"పిలవాల్సిన పని పడలేదు. నేనెప్పుడూ పక్కనే ఉన్నానుగా."

అలా అని ఆవు డొక్కకి నుదురు ఆనించి ఏడ్చింది. ఫిబ్రవరిలో రానిది, మార్చిలో రానిది, జినెట్ బతిమాలినా రానిది ఇప్పుడు వచ్చింది. చప్పుడు బయటికి వచ్చేలా, పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవు ఒకసారి మెడ తిప్పి చూసి మళ్ళీ ఉప్పు నాక్కుంది. నోర్బేర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. దగ్గరికి వెళ్ళాలా వద్దా అని రెండడుగులు వేసి ఆగిపోయాడు. అక్కా అందామనుకున్నాడు, అదీ అనలేకపోయాడు. దొడ్లో దూడలు ఆకలికి అరుస్తున్నాయి.

చాలాసేపటికి ఆర్లెట్ భుజంతో మొహం తుడుచుకుంది. చేతులు మళ్ళీ పొదుగుమీదికి వెళ్ళాయి.

"ఇంకా ఫ్రిజాద ఉంది" అంది. "పిలువు."